చంటి మావయ్య గేరు గౌను

కిందటి నెల మా ఎర్ర కారుకి చిరుగు పడింది. కారుకి చిరుగేమిటని మీరు అడిగేలోపే చెప్పేస్తాను, పడింది కారు ఒంటికి కాదు, గేరు రాడ్డు మొదట్లో తొడిగి ఉండే తోలు తొడుక్కి. షెడ్డుల్లో దాన్ని గేర్ బూటు అంటారు. మా ఇంట్లో మాత్రం అది మొదట్నుంచీ గేరు గౌనే. గేరు పిడి కింద మెడ దగ్గర ముడి పడి, కిందకొచ్చేసరికి నాలుగు పలకలుగా విచ్చుకుని, రెండు సీట్ల మధ్య గట్టు మీద బుద్ధిగా కూర్చునే ఆ వస్తువుని చూసి ఏడాది పిల్ల గౌను గుర్తు రానివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి నా తరఫున కళ్ళద్దాలు. చిరుగు మొదట ఆవగింజంత ఉంది. ఉప్పల్ రింగురోడ్డు గుంతల్లో నాలుగు రోజులు తిరిగేసరికి చింతగింజంత అయింది. మూడో వారానికి అందులోంచి కింద రోడ్డు కనిపించడం మొదలై, నేను కారు నడుపుతున్నానో బావిలోకి తొంగిచూస్తున్నానో నాకే తెలియకుండా పోయింది. ఆ కన్నంలోంచి ఇంజను వేడీ, కాగిన నూనె వాసనా, ఎన్నేళ్ళుగానో లేస్తూనే ఉన్న ఫ్లైఓవరు దుమ్మూ కలిసి నా ఎడమ మోకాలి మీదకి ఎగదన్నేవి. ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, నలభై ఏడేళ్ళ మనిషిని, పొట్టతో సహా, డిగ్రీ రెండో ఏడాదిలోకి జారిపోయాను.

అప్పుడు నాచారంలో మాది మూడు గదుల డాబా. నాన్న ప్రభుత్వ పరిశోధనశాలలో టెక్నీషియను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ప్రపంచంలోని సమస్యలన్నిటికీ 'చూద్దాం' అన్న ఒకే మందు కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. తెల్లవారుజామున పాలవాడికంటే ముందు మా వీధిని లేపేది అమ్మ మిషను చప్పుడే. ముందుగదిలో మిషను నూనె వాసన, సుద్దముక్కల పొడి, కొత్త లైనింగు గుడ్డ గంజి వాసన, వాటి మధ్యలోంచి వంటింటి అల్లం పచ్చడి దారి చేసుకుంటూ వచ్చేది. మేకుకి వరసగా ఆది జాకెట్లు వేలాడేవి. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలతకి ఇచ్చి వెళ్ళడం అప్పుడూ ఇప్పుడూ ఉన్న ఆచారమే కదా. కానీ అమ్మ ఆదిని నమ్మేది కాదు. టేపు తీసి మళ్ళీ కొలిచేది. కుట్టిన జాకెట్టు మీద ఒక్క ముడత కనిపించినా అది తన కుట్టు కాదనేది. ఇక కొలత తప్పడమనేది ఆవిడ చరిత్రలో లేదు. ఎవరైనా వచ్చి, "అక్కయ్యగారూ, చంక దగ్గర పట్టేస్తోందండీ" అంటే, అమ్మ ఆవిణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నెలలో ఒళ్ళు చేశావమ్మా" అనేది. వచ్చినావిడ సిగ్గుపడి ఆ రాత్రి నుంచి అన్నం మానేసేది. అలా మా వీధిలో సగం మందిని అమ్మ సన్నబరిచింది.

ఇహ చంటి మావయ్య. అమ్మకి సొంత తమ్ముడు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుగా చేరి, గది దొరికేదాకా పదిరోజులుంటానని మా ఇంటికొచ్చాడు. ఆ పదిరోజులు పాతికేళ్ళ పైచిలుకు సాగాయి. అమ్మ ఆయనకో సంబంధం చూసింది. పీర్జాదిగూడలో పెళ్ళిచూపులు. మధ్యాహ్నం మూడింటికి అటువాళ్ళు బజ్జీలు వేయించి కూర్చున్నారు, అమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది, పెళ్ళికొడుకు మాత్రం లేడు. అయిదింటికి మా గుమ్మం ముందు ఎర్రగా ఏదో ఆగింది. టాపు లేని కారు. రెండే సీట్లు. నేల మీద పాకుతున్నట్టు ఉంది. ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్సు కారు అమ్మకానికి ఉందని తెలిసి, మావయ్య పెళ్ళిచూపులు మానేసి దాన్ని చూడ్డానికి వెళ్ళాడు. చూశాడు, నచ్చింది, తెచ్చేసుకున్నాడు. "పిల్లని చూడమంటే దీన్ని చూసొచ్చావా!" అన్నది అమ్మ. అదే ఆఖరి మాట.

ఆ తర్వాత నాలుగు నెలలు అమ్మ తమ్ముడితో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే పీటల వరస. అయినా ఇద్దరి మధ్యా తపాలా శాఖ నేనే. "ఆ మనిషికి చెప్పరా, చారు చల్లారిపోతోందని." రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషికి నేను చెప్పేవాణ్ణి. "మీ అమ్మకి చెప్పరా, చారులో ఉప్పు లేదని." మూడడుగుల దూరంలో ఉన్న ఆవిడకి నేను చెప్పేవాణ్ణి. "ఆ మనిషికి చెప్పరా, ఉప్పు ఆయన కారులో ఉందేమో చూసుకోమని." కారు వైపు అమ్మ కన్నెత్తి చూసేది కాదు. వాకిట్లో ముగ్గు కూడా దానికి వీపు పెట్టి వేసేది. మావయ్య మాత్రం బయటికి నవ్వుతూనే, కంచం ముందు చిక్కిపోతూ వచ్చాడు. ఆయన ఒళ్ళు తగ్గడానికి అమ్మ జాకెట్లు కారణం కాదు.

కారు పాతదే కనక దాని గేరు గౌను కూడా పాతదే. రెగ్జిను పెచ్చులు పెచ్చులుగా లేచి, నాలుగైదు చోట్ల చిరిగి ఉండేది. వానాకాలం వచ్చేసరికి ఉప్పల్ చౌరస్తా నీళ్ళు అందులోంచి ఫౌంటెనులా పైకి చిమ్మేవి. మావయ్య ప్యాంట్లన్నిటికీ ఎడమ మోకాలి దగ్గర నల్లటి నూనె మరకలు. వాటిని ఉతికేది అమ్మ. మాటలు మానేసింది గానీ ఉతకడం మానలేదు. ఒక మధ్యాహ్నం, ఆ మరకలతో కుస్తీపట్టి ఓడిపోయి, అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుని, టేపూ దారమూ పట్టుకుని తిన్నగా కారులోకి వెళ్ళి కూర్చుంది. మావయ్య ఆ రోజు బస్సులో వెళ్ళాడు. మెడ కొలిచింది, ఎత్తు కొలిచింది, నాలుగు వైపులా అడుగు కొలిచింది. లోపలికొచ్చి బీరువా తెరిచి, తన పెళ్ళికి వాళ్ళ నాన్న కొనిచ్చిన నల్ల తోలు సంచీని, ఎవర్నీ ముట్టుకోనివ్వని సంచీని, కత్తెరతో నిలువునా కోసేసింది. నేను నోరు తెరిచాను. "నోరు ముయ్యి, సూది ఇటివ్వు" అంది. మెరూన్ రంగు దారంతో రెండు వరసల కుట్టు. సాయంత్రానికి ఆ గౌను గేరు రాడ్డుకి తొడిగి, అడుగంతా జిగురుతో అంటించి పెట్టింది. నిజం చెబుతున్నాను, అటువంటి గౌను ఏ మహారాణికీ కుట్టి ఉండరు. ఒక్క ముడత లేదు. ఒంటికి పోతపోసినట్టు ఉంది.

మావయ్య వచ్చి చూశాడు. వంగి మెరూన్ కుట్టుని వేలితో తడిమాడు. గుమ్మంలోంచి అమ్మ, నాలుగు నెలల్లో మొదటిసారి నా సాయం లేకుండా, "బావుందా?" అనడిగింది.

"అద్భుతంగా ఉందక్కా" అన్నాడు మావయ్య.

"అయితే ఉప్పల్ దాకా తిప్పుకురా, చూస్తాను" అంటూ వెళ్ళి రెండో సీట్లో కూర్చుంది.

మా సందులోంచి బయటపడాలంటే ముందు వెనక్కి తీసుకోవాలి. ఆ కారుకి రివర్సు అంటే, రాడ్డుని తన వైపుకి చివరిదాకా లాక్కుని, వెనక్కి దించాలి. మావయ్య లాగాడు, దించాడు. ఠక్. రాడ్డు దానంతటదే వచ్చి నడిమధ్యలో నిలబడింది. మళ్ళీ దించాడు. ఠక్. నేను వెనక నిలబడి గౌను వైపు చూశాను, ఆయనా చూశాడు. తోలు డప్పులా బిగిసిపోయి రాడ్డుని వెనక్కి లాగేస్తోంది. అమ్మ కొలిచినప్పుడు గేరు నిటారుగా నిలబడి ఉంది. నిలబడ్డ మనిషికి కుట్టిన జాకెట్టు అది, చెయ్యెత్తితే పట్టేస్తుంది. డ్రైవింగు తెలియని దర్జీకి గేరు అటూ ఇటూ నడుస్తుందని ఎలా తెలుస్తుంది? మావయ్య ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి చూశాడు. నాలుగు నెలల తర్వాత ఆ ముఖం ఆయన వైపు తిరిగి ఉంది. ఆయన నవ్వేసి, "ఒరేయ్, కాస్త వెనక్కి తొయ్యి. నాకీ రివర్సు ఇంకా చేతకావట్లేదు" అన్నాడు.

"కారు కొన్నాడు గానీ వెనక్కి నడపడం రాదట!" అని అమ్మ ఎంత నవ్విందో. ఆ నవ్వుకే నేను నా బలమంతా పెట్టి తోశాను. ఆ నెలలోనే ఎదురింట్లో దిగిన నర్సింహన్న లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, "జరుగు తమ్మీ, నూకుడు గట్ల గాదు" అంటూ భుజం వేశాడు. మావయ్య మర్నాడు నన్ను మేడ మీదకి తీసుకెళ్ళి ఒట్టు వేయించుకున్నాడు. "రివర్సు లేకపోయినా బతకొచ్చురా. మీ అమ్మ మాట్లాడకపోతే కష్టం." ఆఫీసు దగ్గరైనా విప్పి నడుపుకోవచ్చు కదా అన్నాను. "ఒకసారి ఊడదీస్తే మళ్ళీ ఆ బిగువు రాదు. అక్క కనిపెట్టేస్తుంది" అన్నాడు. పట్టించుకోకండని మెకానిక్కుల దగ్గర కూడా ఇలాగే ఒట్లు వేయించుకున్నాడని తర్వాత తెలిసింది.

అలా పాతికేళ్ళు మా కారు వెనక్కి వెళ్ళలేదు. హైదరాబాదు పటాన్ని మావయ్య కొత్తగా గీసుకున్నాడు. ఆయన పటంలో వీధులు రెండే రకాలు, దూరి అవతలికి తేలగలిగేవి, తేలలేనివి. పక్క వీధిలో కూరగాయలకి వెళ్ళాలన్నా కారు తిప్పుకోవడానికి నారపల్లి దాకా పోయి రావలసి వచ్చేదని నేనంటే మీరు నమ్మకండి, కానీ ఉప్పల్ దాకా అయితే పోయేవాళ్ళం. ఒకసారి అంబర్‌పేట్‌లో పెళ్ళికి వెళ్తే సందు గోడతో ఆగిపోయింది. మగపెళ్ళివారు ఎనిమిది మంది కారుని నాలుగు మూలలా పట్టుకుని, పల్లకీలా ఎత్తి, అటు ముఖం ఇటు తిప్పి పెట్టారు. లోపల అమ్మా మావయ్యా కూర్చునే ఉన్నారు. బ్యాండువాళ్ళు, ఇదీ ఒక తంతే అనుకుని, వాయించారు. ఇంటి దగ్గరైతే పొద్దున్నే ఎనిమిదింటికి మా గేటు ముందు జనం. స్కూలుకెళ్ళే టీచరు, పేపరు చదువుకునే రైల్వే పెద్దాయన, నర్సింహన్న, నేను. "ఆఁ, పట్టు! ఇంకో నూకు! అన్నా, స్టీరింగ్ ఇడువకు!" తోసినవాళ్ళకి అమ్మ టీ ఇచ్చేది. ఇస్తూ ప్రతిరోజూ, పాతికేళ్ళపాటు, తమ్ముణ్ణి ఏడిపించేది. "ముందుకి పోవడం తప్ప తెలీని వాడికి పిల్లనెవరిస్తారమ్మా?" పిల్లనెవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. రెండో సీట్లో అమ్మే కూర్చునేది. పోయినేడాది ఒక రాత్రి మావయ్య నిద్రలోనే వెళ్ళిపోయాడు. పన్నెండో రోజు భోజనాల దగ్గర కూడా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, "పిచ్చి సన్నాసి, చచ్చేదాకా రివర్సు నేర్చుకోలేదు" అని. అందరూ నవ్వారు. నేను గారెని నోట్లో కుక్కుకున్నాను.

కాబట్టి కిందటి నెల గౌను చిరిగినప్పుడు నాకు ఒకటే భయం. అమ్మకి డెబ్భై అయిదు. నాతోనే ఉంటుంది. మిషను ఇంకా ఆవిడదే. చిరుగు చూసిందంటే తనే కుడతానంటుంది, కొలుస్తుంది, తెలిసిపోతుంది. ఆవిడకి తెలియకుండా ఉప్పల్‌లో సీటు కవర్లు కుట్టే మల్లేశ్ దగ్గరికి దొంగలా పోయాను. అతను చిరిగిన గౌనుని ఊడబెరికి, ఎండలో పెట్టి చూశాడు. "అబ్బబ్బ, ఎవలు కుట్టిన్రో గానీ సార్, చెయ్యి మామూలుది గాదు. గిది ఆది పెట్టుకొని అచ్చు గుద్దినట్టు కుడ్త, ఫికర్ జెయ్యకు." అచ్చు గుద్దినట్టే కుట్టాడు, మహానుభావుడు. సాయంత్రం ఇంటి ముందుకొచ్చి, మావయ్య ఒట్టు తీరిపోయిందన్న సంతోషంతో రివర్సు వేశాను. ఠక్. నా బుర్రకి అప్పుడు తట్టింది. పాతికేళ్ళుగా పొట్టిదైన గౌనునే కొలతకిచ్చి వచ్చాను. తప్పుకి ఆది ఇస్తే తప్పే కదా తయారయ్యేది!

ఆ ఠక్కుకి అమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొత్త తోలు మెరుపు ఆవిడ కంట్లో పడకుండా ఉంటుందా. వచ్చి రెండో సీట్లో కూర్చుని, గౌనుని రెండు వేళ్ళతో గిల్లి చూసింది. "ఏదీ, గేర్లు వెయ్యి." వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఇంకోటుందిగా, వెనక్కి పోయేది." వేశాను. ఠక్.

"ఎవడ్రా కుట్టింది?" అంది అమ్మ. "కదిలే వస్తువుకి గుడ్డ వదలకుండా కుడతాడా ఎవడైనా? పద, వాడి సంగతేమిటో చూస్తాను."

ఎప్పటిలాగే వీధివాళ్ళు తోసి సందులోంచి బయటపడేశాక, దారి పొడుగునా నేను చెప్పాలనుకున్నాను. నాచారం చౌరస్తాలో అనుకున్నాను, హబ్సిగూడ సిగ్నల్లో అనుకున్నాను, మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ ఒక్కో స్తంభానికీ ఒకసారి అనుకున్నాను. చెప్పకపోతే ఏ పాపం ఎరగని మల్లేశ్ బలవుతాడు. చెబితే మావయ్య పాతికేళ్ళ మౌనం గంగలో కలుస్తుంది. నేను తేల్చుకునేలోపే ఉప్పల్ వచ్చేసింది, అమ్మ దిగేసింది.

"ఏమయ్యా, చెయ్యెత్తితే చంక పట్టేసే జాకెట్టుని జాకెట్టంటారా?"

మల్లేశ్‌కి ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రోషం వచ్చింది. "అమ్మా, నా మీద ఒట్టు, దారమంత ఎక్కువ తక్కువ లేదు. సారిచ్చిన ఆది గిదే, సూడున్రి" అని మూలనున్న పాత గౌనుని తెచ్చి బల్ల మీద, కారులోంచి ఊడదీసిన కొత్తదాని పక్కన పరిచాడు.

నల్ల తోలు. మెరూన్ దారం. రెండు వరసల కుట్టు. అమ్మ దాని మీద చెయ్యి వేసి, జానతో ఒక వైపు కొలిచింది, రెండో వైపు కొలిచింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నా వైపు తిరగకుండానే అడిగింది. "ఇది మొదట్నుంచీ ఇంతేనా?"

"ఊఁ" అన్నాను.

"చంటిగాడికి తెలుసా?"

"తొడిగిన రోజే తెలుసమ్మా. నీకు చెప్పద్దన్నాడు."

మల్లేశ్ ఒక స్టూలు జరిపాడు. అమ్మ కూర్చుంది. "అరగంట పనిరా" అంది. "విప్పి పక్కకి రెండు ముక్కలు వేస్తే అరగంట. వెధవ, ఒక్క మాట చెబితే పోయేదిగా. పాతికేళ్ళు నలుగురిలో వాణ్ణి…" ఆ వాక్యం అక్కడే వదిలేసింది. నేను మొత్తం చెప్పేశాను, మేడ మీద ఒట్టుతో సహా. అంతా విన్న మల్లేశ్ తల గోక్కుని, "మా అక్క నాతోని మాట్లాడక ఆరేండ్లయితుందమ్మా. జర నేర్పియ్యి, నేను గూడ ఆమెకేమన్న పొట్టిగ కుడ్త" అన్నాడు. అమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముక్కు చీదుకుని, "టేపివ్వు" అంది.

నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. ఒక్కో గేరూ వేయించి ఒక్కోసారి కొలిచింది. రివర్సులో మాత్రం మూడుసార్లు కొలిచింది. మల్లేశ్ తన మిషను మీంచి లేచి చోటిచ్చాడు. అమ్మ కుట్టిన కొత్త గౌను రాడ్డు నిలబడి ఉన్నప్పుడు ముడతలు ముడతలుగా, పెద్దక్క గౌను తొడుక్కున్న చిన్నపిల్లలా వదులుగా ఉంది. జీవితంలో ముడత ఒప్పుకోని మనిషి దాన్ని సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉండనీ. కదిలేవాటికి ఊపిరి కావాలి."

ఇంటి ముందు రివర్సు వేస్తే ఠక్కు వినపడలేదు. నా పాతికేళ్ళ అలవాటు ఆ చప్పుడు కోసం ఎదురుచూసి భంగపడింది. ఎదురింట్లోంచి నర్సింహన్న, జుట్టంతా నెరిసినా లుంగీ ఎగ్గట్టే తీరు మారనివాడు, "ఆగు తమ్మీ, వస్తున్న!" అని చేతులు చాపుకుంటూ వచ్చి, కారు తనంతట తాను గేట్లోకి పోతుంటే ఆ చేతులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడిపోయాడు. ఇప్పుడు మా వీధిలో ఏ కారూ ఒకరి భుజం అడగదు. అన్నిటికీ వెనక కెమెరాలు, కీచుమనే గొంతులు. రైల్వే పెద్దాయన ఇంటి చోట అయిదంతస్తులు లేచాయి, అందులో పొద్దున్న ఎనిమిదింటికి ఎవరు బయటికి పోతారో లిఫ్టుకి తప్ప ఎవరికీ తెలియదు. సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు. టీ మాత్రం మా ఇంట్లోవాళ్ళకే పెట్టుకుంటున్నాం.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, పేరంటానికి బొట్టు పెట్టి పిలవడానికి వెళ్తున్నట్టు వీధిలోకి బయల్దేరింది. వద్దన్నా వినలేదు. నేను చెప్పులేసుకుని వెనకే పోయాను. టీచరు ఇంట్లో చెప్పింది, కిరాణా కొట్లో చెప్పింది. అయిదంతస్తుల్లో చంటి మావయ్య ఎవరో తెలియని సాఫ్ట్‌వేర్ కుర్రాడు తలుపు తీస్తే అతనికీ చెప్పింది. అతను చెవిలోంచి గుబిలంత ఇయర్‌ఫోను తీసి, "ఓకే ఆంటీ" అన్నాడు మర్యాదగా. ఆఖరున నర్సింహన్న ఇంటి ముందు ఆగింది.

"నర్సింహా, మా తమ్ముడికి రివర్సు వచ్చు."

"ఎప్పుడు నేర్సుకున్నడమ్మా?"

"కారు కొన్ననాడే వచ్చు."

నర్సింహన్న భుజం తడుముకున్నాడు. "మరి గన్నేండ్లు మాతోని ఎందుకు నూకిపిచ్చిండు?"

అమ్మ కొంగు సర్దుకుంది. ఎంతమంది నడుముల మీదకో నెట్టేసిన ఆ మాటని, నాకు తెలిసి ఒక్కసారి కూడా తన మీద వేసుకోని ఆ మాటని, వీధి వినేట్టు అంది.

"కొలత నేను తప్పాను."